మధ్యలో లేని చిన్న చక్రం

1894 జనవరి 20 తేదీతో జర్మనీలో 78553 నంబరు పేటెంటు ఒకటి నమోదైంది. తీసుకున్నది మ్యూనిక్ నగరంలోని ఒక చిన్న సంస్థ, హిల్డెబ్రాండ్–వోల్ఫ్‌ముల్లర్. హైన్‌రిష్, విల్‌హెల్మ్ అనే హిల్డెబ్రాండ్ అన్నదమ్ములు, అలోయిస్ వోల్ఫ్‌ముల్లర్ అనే ఇంజినీరు, వాళ్లకు తోడుగా హాన్స్ గైసెన్‌హోఫ్ అనే మెకానిక్ కలిసి నడిపిన సంస్థ అది. తాము తయారుచేసిన బండికి వాళ్లు 'మోటోర్‌రాడ్' అని పేరు పెట్టారు. మోటారు చక్రం అని అర్థం. జర్మన్లు ఇవాళ్టికీ మోటారు సైకిల్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. అంతకుముందు ఇంజను బిగించిన రెండు చక్రాల బళ్లు లేకపోలేదు. కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ 1885లోనే ఒకటి తయారుచేశారు. కాని అది ఇంజను పనిచేస్తుందో లేదో చూడటానికి చేసిన ఒంటరి బండి, పడిపోకుండా పక్కన రెండు బుల్లి చక్రాలు కూడా ఉండేవి. వరసగా తయారుచేసి, ధర కట్టి, జనానికి అమ్మిన మొదటి మోటారు సైకిల్ మాత్రం మ్యూనిక్ వాళ్లదే. వందల సంఖ్యలో తయారైంది. అయినా 1897కల్లా సంస్థ మూతపడింది.

ఈ పతనానికి సాధారణంగా చెప్పే కారణాలు మూడు. బండి స్టార్ట్ చేయడం కష్టం, ధర ఎక్కువ, కాలానికి ముందు పుట్టింది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అసలు కారణం వీటికి అడుగున ఉందని, అది వ్యాపారానికి కాక యంత్రశాస్త్రానికి సంబంధించినదని నా వాదన. వాళ్లు పెట్రోలు ఇంజనును ఆవిరి ఇంజనులా తలపోశారు. పిస్టనుకూ చక్రానికీ మధ్య వేగం తగ్గించే ఏర్పాటు ఏదీ పెట్టలేదు. ఆ ఒక్క నిర్ణయం నుంచే మిగతా చిక్కులు పుట్టుకొచ్చాయి. బండిని దగ్గర నుంచి చూస్తే, ఆ లోటు వాళ్లకూ తెలుసని చెప్పే సాక్ష్యం కూడా అందులోనే కనిపిస్తుంది.

ముందు బండిని చూద్దాం. ఉక్కు గొట్టాలతో చేసిన చట్రం. సైకిల్‌కు ఉన్నట్టు అడ్డగొట్టం లేదు, కాలు సులువుగా అవతలికి వేయొచ్చు. రెండు చక్రాల నడుమ, నేలకు దగ్గరగా, పడుకోబెట్టిన రెండు సిలిండర్లు పక్కపక్కన ఉంటాయి. ఒక్కో సిలిండర్ వ్యాసం 90 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 117 మిల్లీమీటర్లు. లెక్క కడితే రెండూ కలిసి 1488 సీసీ. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే 100 సీసీ బండికి దాదాపు 15 రెట్లు. ఇంత పెద్ద ఇంజను ఇచ్చేది మాత్రం రెండున్నర హార్స్‌పవర్. రెండు పిస్టన్ల నుంచి పొడవాటి కనెక్టింగ్ రాడ్లు వెనక్కి సాగి, వెనక చక్రం ఇరుసుకు అటూ ఇటూ ఉన్న క్రాంకులకు తగులుకుంటాయి. రైలు ఇంజను పక్కన నిలబడి, చక్రాలను తిప్పే ఆ పొడవాటి ఇనుప చేతులను చూసినవాళ్లకు ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది. గొలుసు లేదు, బెల్టు లేదు, గేరు లేదు, క్లచ్ లేదు. వెనక చక్రానికి పుల్లలు కూడా లేవు, రేకుతో చేసిన నిండు చక్రం. దాని మీద వంగిన మడ్‌గార్డే ఇంజనును చల్లబరిచే నీళ్ల ట్యాంకు. ఇంకో వింత, సిలిండర్ల పక్కన దళసరి రబ్బరు పట్టీలు. పిస్టను బయటికి వచ్చినప్పుడు సాగి, అది లోపలికి వెళ్లేటప్పుడు లాగుతూ సాయం చేస్తాయి. ఈ పట్టీలను గుర్తుంచుకోవాలి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

నాలుగు ఘాతాల ఇంజను పని అందరికీ తెలిసిందే. పిస్టను ఒకసారి గాలినీ పెట్రోలు ఆవిరినీ పీలుస్తుంది, ఒకసారి వాటిని అదుముతుంది, ఒకసారి పేలుడు దెబ్బకు బయటికి దూకుతుంది, ఒకసారి పొగను నెట్టేస్తుంది. నాలుగింటిలో సంపాదన ఒక్కదానిదే, మిగతా మూడూ ఖర్చులే. ఆ ఖర్చును భరించేది ఫ్లైవీల్. మన పల్లెల్లో కరెంటు మోటార్లు రాకముందు బావుల దగ్గర నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లు జ్ఞాపకం ఉన్నవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. దానికి అటొకటి ఇటొకటి, మనిషి లేపలేని బరువున్న ఇనుప చక్రాలు ఉండేవి. హ్యాండిల్ పెట్టి తిప్పేటప్పుడు ఆ చక్రాలు ఊపందుకునేదాకా లివర్ వదిలేవారు కారు. ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య ఇంజను ఆగిపోకుండా మోసుకుపోయేది ఆ బరువే. తిరిగే చక్రంలో దాగిన శక్తి దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు, పది రెట్లయితే నూరు రెట్లు. అందుకని ఫ్లైవీల్ బరువుగానైనా ఉండాలి, వేగంగానైనా తిరగాలి. బండి మీద బరువు మోయలేం కనుక మిగిలింది వేగమే.

మ్యూనిక్ బండిలో విడిగా ఫ్లైవీల్ లేదు. ఆ పని వెనక చక్రానిదే. ఆ చక్రం రోడ్డును తాకి ఉంది కాబట్టి బండి బరువు, మనిషి బరువు కూడా ఫ్లైవీల్‌లో భాగమైనట్టే. వినడానికి ఇది తెలివైన పొదుపులా ఉంటుంది. వేగంగా పోతున్నంతసేపు నిజంగా పొదుపే కూడా. నెమ్మదించినప్పుడు ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. బండీ మనిషీ కలిసి 150 కిలోలు అనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ మొత్తంలో ఉన్న గతిజ శక్తి దాదాపు 3600 జౌళ్లు. గంటకు 5 కిలోమీటర్లకు, అంటే మనిషి నడక వేగానికి దిగితే, అది 145 జౌళ్లకు పడిపోతుంది. 744 సీసీల సిలిండర్‌లో గాలిని మూడోవంతుకు అదమడానికి, పిస్టను వెనకవైపు బయటి గాలి చేసే సాయం పోగా, సుమారు 80 జౌళ్లు కావాలి. 25 కిలోమీటర్ల వేగంలో ఈ 80 జౌళ్లు పోయినా ఎక్కినవాడికి తెలియదు, వేగంలో నూటికి ఒక వంతు తగ్గుతుందంతే. నడక వేగంలో అయితే ఉన్న శక్తిలో సగానికి పైగా ఆ ఒక్క అదుములోనే కరిగిపోతుంది. గంటకు 5 కిలోమీటర్లతో పోతున్న బండి అర చుట్టు తిరిగేసరికి మూడుంబావుకు పడిపోయి, పేలుడు జరగ్గానే ముందుకు దూకుతుంది. మరుసటి చుట్టులో మళ్లీ అదే. ఇది నడవడం కాదు, కుంటడం. ఎదురుగా గుర్రబ్బండి వచ్చి ఇంకాస్త నెమ్మదిస్తే ఇంజను ఆగిపోవడమే మిగిలింది. ఆగితే దిగి, మళ్లీ తోసుకుంటూ పరుగెత్తి, ఇంజను అందుకోగానే ఎగిరి ఎక్కాలి.

ఇప్పుడు ఆ రబ్బరు పట్టీల అర్థం తెలుస్తుంది. పిస్టను బయటికి వచ్చేటప్పుడు కొంత శక్తిని దాచుకుని, లోపలికి వెళ్లి గాలిని అదిమేటప్పుడు తిరిగి ఇస్తాయి. అంటే ఫ్లైవీల్ చేయాల్సిన పనే. ఇరుసు వేగంతో నిమిత్తం లేకుండా ఒక్కో చుట్టుకూ అంతే శక్తిని దాచి ఇవ్వగలగడం వాటి సుగుణం, నెమ్మదిగా పోయేటప్పుడే వాటి అవసరం ఎక్కువ. పట్టీలు అమర్చినవాళ్లకు తమ ఇంజనులో ఏది కొరవడిందో తెలియదని ఎలా అనగలం? తెలిసింది. దానికి వాళ్లు ఎంచుకున్న మందే నిలబడేది కాదు. వేడి సిలిండర్ల పక్కన నిమిషానికి వందల సార్లు సాగి ముడుచుకునే రబ్బరు ఎన్నాళ్లు ఉంటుంది? వేడికి రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. నాకు ఈ బండి మొత్తంలో మనసును పట్టే భాగం ఆ పట్టీలే. వాటిలో ఒక మంచి ఇంజినీరు ఇబ్బంది కనిపిస్తుంది.

రైలు ఇంజను ఇదే పద్ధతిలో లక్షల టన్నులు లాగలేదా అన్నది ఇక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న. లాగింది. అయితే ఆవిరి ఇంజనుకు శక్తి నిల్వ బాయిలర్‌లో ఉంటుంది. చక్రం కదలకపోయినా పీడనం సిద్ధంగా ఉంటుంది, వాల్వు తెరవగానే పిస్టను మీద పూర్తి బలంతో పడుతుంది. పైగా ఆవిరి పిస్టనుకు రెండు వైపులా తోస్తుంది. రెండు సిలిండర్ల రైలు ఇంజనులో చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు నాలుగు తోపులు పడతాయి. క్రాంకులను ఒకదానికొకటి లంబంగా అమర్చడం వల్ల ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక పిస్టను లాగడానికి సిద్ధంగా ఉంటుంది. నాలుగు ఘాతాల పెట్రోలు ఇంజనులో రెండు సిలిండర్లున్నా చుట్టుకు ఒక్క తోపే. దాని పీడనాన్ని అదే పుట్టించుకోవాలి. ముందు తిరిగితేనే పీలుస్తుంది, పీలిస్తేనే అదుముతుంది, అదిమితేనే పేలుతుంది. నిలబడి ఉన్న పెట్రోలు ఇంజనులో బలం సున్నా. ఆవిరి ఇంజనుకు నిలుచున్నచోట ఎంత బలం ఉంటుందో పెట్రోలు ఇంజనుకు అక్కడ అంత నిస్సహాయత. హిల్డెబ్రాండ్ సోదరులు 1889లో ఆవిరితో నడిచే సైకిల్ మీద పనిచేశారని గుర్తు చేసుకుంటే, ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఇంధనం మారింది, చక్రాన్ని తిప్పే తీరు మారలేదు.

ఇంకో సంగతి అంకెల్లో దాగి ఉంది. ఈ బండి గురించి రాసినచోటల్లా నిమిషానికి 240 చుట్ల దగ్గర రెండున్నర హార్స్‌పవర్ అనీ, గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లనీ కనిపిస్తుంది. వెనక చక్రం వ్యాసం సుమారు 22 అంగుళాలు. ఒక చుట్టుకు బండి జరిగేది మీటరూ డెబ్భై అయిదు సెంటీమీటర్లు. ఇంజనుకు 240 చుట్లంటే చక్రానికీ 240 చుట్లే, అంటే గంటకు 25 కిలోమీటర్లు. 45 కిలోమీటర్లు పోవాలంటే 430 చుట్లు తిరగాలి. రెండు అంకెలూ ఒకే క్షణానికి చెందవన్నమాట. 240 మామూలుగా పోయేటప్పటికి, 430 చదునైన రోడ్డు మీద ప్రాణం పెట్టి పరుగెత్తినప్పటికి సరిపోతాయి. ఏ అంకె తీసుకున్నా ఇంజను ఎంత మందకొడిగా తిరిగిందో కళ్లకు కడుతుంది. శక్తి అంటే ఒక్కో దెబ్బ బలాన్ని నిమిషానికి పడే దెబ్బల సంఖ్యతో గుణించగా వచ్చేది. దెబ్బల సంఖ్య పెంచుకునే దారి మూసేస్తే మిగిలేది దెబ్బ బలాన్ని పెంచుకోవడమే, అంటే సిలిండర్‌ను పెంచుకోవడమే. 1488 సీసీ అన్న అంకె ఘనతకు గుర్తు కాదు, తప్పనిసరై మోసిన బరువు.

రెండో అభ్యంతరం మంట గురించి. ఈ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు. సిలిండర్‌లోకి తెరుచుకున్న చిన్న ప్లాటినం గొట్టాన్ని బయట నుంచి బర్నర్‌తో ఎర్రగా కాల్చేవారు, అదిమిన వాయువు ఆ గొట్టంలోకి చొరబడి అంటుకునేది. బండి తీయాలంటే ముందు బర్నర్ వెలిగించి గొట్టం కాలేదాకా కాచుకోవాలి. పెట్రోలు ట్యాంకు పక్కనే మంట. ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు ఇంజను నేరుగా చక్రానికి తగిలించారా లేదా అన్న చర్చ ఎందుకని అడగొచ్చు. కాని ఇదే పద్ధతి ఆనాడు డైమ్లర్ ఇంజన్లలోనూ ఉంది, పారిస్‌లో పన్హార్డ్ కార్లలోనూ ఉంది. ఆ రెండు సంస్థలూ బతికి బట్టకట్టాయి. 1885 నాటి డైమ్లర్ బండి ఇంజను 264 సీసీలే, అదీ కాల్చిన గొట్టంతో పనిచేసేదే. అయినా నిమిషానికి 600 చుట్లు తిరిగింది. ఆ ఇంజను లోపల ఫ్లైవీల్ ఉంది, చక్రానికి బలం బెల్టు ద్వారా వెళ్లింది. ఎర్రగా కాలిన గొట్టంతో మూడు రెట్లు వేగం తగ్గించే ఏర్పాటుకు సరిపడా చుట్లు సాధ్యమేనని మ్యూనిక్ వాళ్ల కంటే తొమ్మిదేళ్ల ముందే అదే దేశంలో రుజువైంది. కాబట్టి కాలానికి ముందు పుట్టారన్న మాట వాళ్ల విషయంలో సగమే నిజం. కావలసిన తెలివి అప్పటికే పక్క ఊళ్లో పేటెంటై ఉంది. గొట్టంతో 1500 చుట్లకు పోవడం కుదరదన్నది మాత్రం ఒప్పుకోవాలి. 1895లో ఫ్రాన్సులో డి డియాన్–బూటాన్ సంస్థ 137 సీసీల బుల్లి ఇంజనును బ్యాటరీ నిప్పురవ్వతో ఆ వేగానికి తీసుకెళ్లింది. ఆ తర్వాతి మోటారు సైకిళ్లు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మూడోది. 1900 తర్వాత చాలా ఏళ్లపాటు వచ్చిన మోటారు సైకిళ్లకు కూడా గేర్లు లేవు, క్లచ్ లేదు. వాటినీ తోసుకుంటూ పరుగెత్తే ఎక్కారు. అవి అమ్ముడుపోయాయి కదా! నిజమే, అందుకే లోటు క్లచ్చులో ఉందని నేను అనడం లేదు. ఆ బళ్లలో ఇంజను మీద అరచేతి పాటి చిన్న పుల్లీ ఉండేది, వెనక చక్రం రిమ్ముకు పెద్ద పుల్లీ, రెంటినీ కలుపుతూ తోలు బెల్టు. చిన్నది నాలుగైదు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. నడక వేగంలో మ్యూనిక్ ఇంజను నిమిషానికి 47 చుట్లు తిరిగితే, అయిదు రెట్ల పుల్లీ ఉన్న ఇంజను 235 చుట్లు తిరుగుతుంది. సెకనుకు ఒకటి కూడా పడని దెబ్బల స్థానంలో, సిలిండర్ ఒక్కటే ఉన్నా రెండు పడతాయి. లోపలి ఫ్లైవీల్‌లో దాగే శక్తి, అదే వేగంలో నేరుగా చక్రంతో తిరిగినప్పటి కంటే 25 రెట్లు. బెల్టు కొంచెం జారుతూ కుదుపును మింగుతుంది. పైగా అయిదు రెట్లు ఎక్కువ తిరిగే ఇంజను అయిదో వంతు పరిమాణంలో అంతే పని చేయగలగాలి. 1488ని అయిదుతో భాగిస్తే దాదాపు 300 సీసీ. 1902 ప్రాంతంలో బెల్జియం నుంచి మినర్వా సంస్థ అమ్మిన ఇంజన్లు, ఇంగ్లండులో ట్రయంఫ్ తన మొదటి బండికి బిగించుకున్నది సహా, 200–300 సీసీల మధ్యవే. వాటి శక్తి సుమారు రెండు హార్స్‌పవర్. మ్యూనిక్ బండికి ఒక చిన్న పుల్లీ ఉంటే దాని ఇంజను ఎంత ఉండేదో, ఎనిమిదేళ్ల తర్వాతి బజారు అంతే చూపించింది.

మూతపడేలోపు మ్యూనిక్ సంస్థ పడ్డ పాట్లు వేగంగా చెప్పుకుంటే సరిపోతుంది. ఫ్రాన్సులో డంకన్, సుబెర్బీ అనే భాగస్వాములు లైసెన్సు తీసుకుని 'పెట్రొలెట్' పేరుతో తయారుచేయబోయారు. 1895 జూన్‌లో జరిగిన పారిస్–బోర్డో–పారిస్ పందెంలో రెండు చక్రాల బండి ఏదీ గమ్యం చేరలేదు. స్టార్ట్ కాదనీ, నెమ్మదిగా పోతే ఆగిపోతుందనీ కొన్నవాళ్లు గొడవపడ్డారు, డబ్బు వాపసు అడిగారు. అటు ఫ్రాన్సులోనూ ఇటు జర్మనీలోనూ వ్యాపారం కూలింది. పైకి ఇది డబ్బు కథే. కొన్నవాళ్ల ఫిర్యాదులను మాత్రం ఒక్కొక్కటిగా విని చూడండి. ఎక్కడం కష్టం, ఆపుకుంటే మళ్లీ తీయడం కష్టం, జనం మధ్య నడపడం కష్టం. ప్రతిదీ చక్రానికీ పిస్టనుకూ మధ్య ఉన్న ఖాళీ వేపే చూపుతుంది.

ఈ లోపాన్ని ఎత్తిచూపడం వాళ్లను చిన్నచేయడానికి కాదు. పక్క చక్రాల ఊతం లేకుండా, గాలి టైర్లతో, ఇంజను బరువును రెండు చక్రాల నడుమ నేలకు దగ్గరగా పెట్టి బండి చేసినవాళ్లు వాళ్లు. ఇంజను అక్కడే ఉండాలన్న సంగతి తర్వాతివాళ్లు మరచిపోయారు కూడా. పారిస్‌లో స్థిరపడ్డ రష్యన్ సోదరులు మిషెల్, యూజీన్ వెర్నర్ 1897లో ఇంజనును ముందు చక్రం మీద కూర్చోబెట్టారు. తడి రోడ్డు మీద ఆ బండి జారి పడేది, పడితే ఒక్కోసారి అంటుకునేది. 1901లో వాళ్లే దాన్ని కిందికి దించి, సైకిల్ పెడళ్ల ఇరుసు ఉండే చోట నిలువుగా బిగించి, బెల్టుతో వెనక చక్రాన్ని తిప్పారు. ఇవాళ మన వీధిలో పోయే మోటారు సైకిళ్లన్నిటికీ ఇంజను దాదాపు అక్కడే ఉంది. మ్యూనిక్ వాళ్లు చోటు సరిగ్గా ఎంచుకుని పుల్లీని వదిలేశారు, వెర్నర్ సోదరులు బెల్టు పట్టుకుని చోటు తర్వాత వెతుక్కున్నారు.

అలోయిస్ వోల్ఫ్‌ముల్లర్ మనసు సంస్థ నడుస్తుండగానే గాలిలో ఎగరడం మీదికి మళ్లింది. గ్లైడర్లతో ఎగిరి చూపిన ఓటో లిలియెంతాల్ దగ్గర ఒక గ్లైడర్ కొని, దాన్ని గాలిలో అదుపు చేయడం ఎలాగో ఆయనతో ఉత్తరాల్లో చర్చించాడు. వోల్ఫ్‌ముల్లర్ చేయి పడిన మోటోర్‌రాడ్‌లు కొన్ని ఇప్పటికీ మ్యూజియాలలో ఉన్నాయి, మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియంలో, లండన్ సైన్స్ మ్యూజియంలో. అక్కడ దాని ఎదుట నిలబడేవాళ్ల చూపు ముందు ఆ పెద్ద సిలిండర్ల మీదికే పోతుంది. అక్కణ్ణుంచి కనెక్టింగ్ రాడ్ వెంటే వెనక్కి జరుపుకుంటూ వెళితే, ఇరుసు దగ్గర క్రాంకు ముగిసి చక్రం మొదలయ్యే చోటు వస్తుంది. ఆ రెంటి మధ్య అరచేతి పాటి చక్రం కోసం వెతికితే కనిపించదు.